పెంపుడు కుక్కయెడ మన ధర్మము



మన భాషలో విశ్వాసమునకు కుక్క పేరే ఉపమానము. తిట్టుటకును కుక్క పేరే. "కుక్కకున్న విశ్వాసము మనుష్యునకు లేదు" అని నిట్టూర్చిన పెద్దమనిషియే మఱుక్షణమున ఎవనినో ఆ పేరుతోనే కసరును. ఈ ద్వంద్వము మాటలతో పోయినచో చింత లేదు. ఇంటిలో కుక్కను పెంచు తీరులోను ఇదియే కనబడుచున్నది. ముచ్చటపడి తెచ్చిన పిల్లను నాలుగు నెలలు ఒడిలో పెట్టుకొందుము. అయిదవ నెలలో అది చెప్పు కొఱికినదని గొలుసున కట్టుదుము. ఆ గొలుసు మఱి పదేండ్లు ఊడదు.

నేడు మేము ప్రసంగింపదలచినది వీథికుక్కలను గూర్చి కాదు. ఆ విషయమున న్యాయస్థానములును, పురపాలక సంఘములును, పత్రికలును వలసినంత వాదించుచున్నవి. మనమై కోరి, డబ్బిచ్చియో స్నేహితుని అడిగియో ఇంటికి తెచ్చుకొన్న కుక్కను గూర్చి మాత్రమే నాలుగు మాటలు చెప్పుదుము.

కుక్కలను ప్రేమించువారు నలుగురు కూడినచోట అభిప్రాయములు అయిదుండును. జాతికుక్క మేలని ఒకరు, నాటుకుక్క మేలని వేఱొకరు. కట్టి ఉంచినగాని ఇంటికి కాపలా లేదని ఒకరు, కట్టుట పాపమని వేఱొకరు. కఱ్ఱ చూపనిదే మాట వినదని ఒకరు, కబళము చూపిన చాలునని వేఱొకరు. మాంసము లేనిదే బ్రతుకదని ఒకరు, మా ఇంటి కుక్క పెరుగన్నముతోనే పన్నెండేండ్లు బ్రతికినదని వేఱొకరు. వీరందఱికిని కుక్కలన్న ప్రేమయే. అయినను ఇన్ని అభిప్రాయములలో ఏది గ్రాహ్యము, ఏది త్యాజ్యము? దీనికొక గీటురాయి కలదని మా నమ్మకము. వినబడిన ప్రతి అభిప్రాయమును ఒక ప్రశ్న అడిగి చూడవలెను: ఇది కుక్క అవసరమునుండి పుట్టినదా, లేక మన సౌకర్యమునుండి పుట్టినదా? ఈ గీటురాయిపై ఒక్కొక్క దానినే గీసి చూతము.

మొదటిది, ఏ కుక్కను తేవలెననుట. దీనికంటె ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. కుక్క సామాన్యముగా పది పన్నెండేండ్లు బ్రతుకును. అంతకాలమును దానిని చూచువారెవరు? అయిదవ తరగతి చదువు కుఱ్ఱవాడు పట్టుపట్టి తెప్పించిన పిల్ల, వాడు కళాశాలకు పోవునాటికి నడివయస్సునకు వచ్చును. వాడు ఉద్యోగమునకై వేఱొక ఊరు పోవునాటికి ముదుసలి యగును. అప్పుడు దానికి అన్నము పెట్టుట తల్లి వంతు. వైద్యునికడకు తీసికొనిపోవుట ఎవరి వంతును కాదు. ఉద్యోగమున బదిలీ అయినవారు, సొంత ఇల్లు విడిచి ఎత్తయిన భవనమునకు మాఱినవారు కుక్కను ఊరి వెలుపల విడిచిపోవుట మనము ఎఱుగనిది కాదు. ఇంటి అన్నము తిని పెరిగిన కుక్కకు వీథిలో బ్రతుకుట తెలియదు. వీథిలోని కుక్కలు దానిని చేరనీయవు. కావున ఇంటిలో దానిని నిజముగా చూడబోవు మనిషి ఎవరో తేలిన పిమ్మటనే జాతి మాట ఎత్తవలెను.

ఇక జాతి. 2003లో ఒక టెలిఫోను సంస్థ ప్రకటనలో పగ్ కుక్క కనబడిన పిమ్మట మన పట్టణములలో దానికి గిరాకి హెచ్చెను. సైబీరియా మంచునేలపై బండ్లు లాగుటకు ఏర్పడిన హస్కీ, ఆల్ప్సు పర్వతముల చలికి తగిన సెయింట్ బెర్నార్డు కూడ మన ఊళ్లకు వచ్చినవి. విజయవాడ ఎండ, రామగుండము ఎండ ఎట్టివో శ్రోతలకు మేము చెప్పనక్కఱలేదు. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు. నాలుక వ్రేలాడవైచి రొప్పుటయే అది వేడిని పోగొట్టుకొను ముఖ్యమార్గము. దట్టమైన బొచ్చు గలవానికి ఆ వేడి తగ్గుట కష్టము. పగ్ మొదలగు చప్పిడిమూతి జాతులకు ఊపిరియే సరిగా ఆడదు గనుక ఆ రొప్పుటయు చక్కగా సాగదు. వేసవి మధ్యాహ్నము డాబామీద ఉంచిన అట్టి కుక్క ఒక్క గంటలో వడదెబ్బకు చావవచ్చును. చూచువారి కన్నులపండువునకై దానిని తెచ్చుట మన సౌకర్యమే గాని దాని అవసరము కాదు.

మన ఎండలకు తగిన కుక్కలు మన దక్షిణదేశముననే లేకపోలేదు. తమిళనాట రాజపాళయము, చిప్పిపారై కలవు. కన్నడదేశమున ముధోలు వేటకుక్క కలదు. మన కోస్తా జిల్లాలలో జోనంగి కలదు. నున్నని మేనితో, పొట్టి వెండ్రుకలతో, కొల్లేటి పరిసరములలో బాతులను మేపువారి వెంట తిరిగి మందలను కాచిన కుక్క అది. చేపల చెరువులు పెరిగి బాతుల మేపు తగ్గినకొలది దాని పనియు తగ్గినది, సంఖ్యయు తగ్గినది. ఈ జాతులను వెదకి తెచ్చువారు ఒక సంగతి మఱువరాదు. ఇవి పరుగునకు, పనికి పుట్టిన కుక్కలు. రెండు గదుల ఇంటిలో బంధించినచో వీనికి కలుగు బాధ హస్కీకి ఎండలో కలుగు బాధకు తీసిపోదు. ఇల్లు చిన్నదైనవారికి వీథిలో పుట్టిన నాటుకుక్క పిల్లయే పెక్కు విధముల తగును. మన నేలకు, మన ఎండకు అలవడి తరతరములుగా నిలిచిన ప్రాణి అది.

పిల్లను ఏ వయస్సున తేవలెను? కన్నులు తెఱచినంతనే తెచ్చినచో మచ్చిక యగునని పలువురి భావన. ఇది పొరపాటు. తల్లితోను తోడిపిల్లలతోను ఆడునప్పుడే, ఎంత గట్టిగా కొఱికిన అవతలివారికి నొచ్చునో పిల్లకు తెలియును. ఆ చదువు చదువకముందే తెచ్చిన పిల్ల పెద్దదై మన చేతులు కొఱుకును. మన దేశమున 2017లో వెలువడిన కుక్కల పెంపక విక్రయ నిబంధనలు ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని శాసించుచున్నవి. అట్లని మఱీ ఆలస్యమును మంచిది కాదు. అమెరికాలోని బార్ హార్బరు పరిశోధనశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు పెక్కేండ్లు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథము ప్రకటించిరి. మూడవ వారమునుండి పన్నెండవ వారమువఱకు గల కాలమున పిల్ల ఎవరిని చూచునో, ఏ చప్పుళ్లు వినునో వానిని తన లోకముగా స్వీకరించునని వారు తేల్చిరి. ఆ వయస్సున గొడుగును, సైకిలును, చేతికఱ్ఱతో నడచు తాతను, కేకలు వేయు పిల్లలను, పాలు పోయువానిని చూచి, వారివలన కీడు లేదని తెలిసికొన్న కుక్క పెద్దదైన పిమ్మట వారిని చూచి బెదరదు. బెదరని కుక్క సామాన్యముగా కఱవదు.

రెండవది గొలుసు. "కట్టి ఉంచినచో కుక్కకు కసి పెరుగును, కసి పెరిగినచో కాపలా బాగుండును" అను మాట మన పల్లెలలోను పట్టణములలోను ఒకటే. ఈ మాటలో సగము నిజము. కసి పెరుగును. కాపలా మాత్రము బాగుపడదు. భయము కలిగినపుడు ఏ జంతువునకైనను ముఖ్యముగా రెండు దారులు: తప్పించుకొని పోవుట, ఎదిరించుట. గొలుసు మొదటి దారిని మూసివేయును. ఇక మిగిలినది కఱచుటయే. రేయింబవళ్లు కట్టివేసిన కుక్క దొంగకును, చుట్టమునకును, పక్క ఇంటి పసిబిడ్డకును భేదము చూడదు. దాని మొఱుగుడు దినమంతయు సాగును గనుక ఇంటివారును దానిని పట్టించుకొనరు. దొంగ వచ్చిననాడు ఆ మొఱుగుడు ఏమని హెచ్చరించును?

ఈ విషయమున మన చట్టము మౌనముగా లేదు. 1960లో చేసిన జంతుహింసా నివారణ చట్టమున పదునొకండవ విభాగము కలదు. మిక్కిలి పొట్టియైన గొలుసునగాని, మిక్కిలి బరువైన గొలుసునగాని జంతువును తగనంత సేపు కట్టియుంచుట నేరమని అది చెప్పుచున్నది. కుక్కను ప్రత్యేకముగా పేర్కొని, నిత్యము కట్టియుంచు కుక్కను తగిన రీతిని త్రిప్పక ఉపేక్షించు యజమాని శిక్షార్హుడనియు చెప్పుచున్నది. చాలినంత తిండి, నీరు, నీడ ఈయకుండుటయు, పెంచిన జంతువును ఆకలిదప్పుల పాలుచేసి విడిచిపెట్టుటయు అందే నేరములు. ఈ చట్టమునకు దారి తీసినది రాజ్యసభలో సభ్యురాలుగా నుండిన నాట్యవిదుషి శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ ప్రవేశపెట్టిన బిల్లు. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలును ఆమెయే. అయితే ఆ విభాగమున మొదటి నేరమునకు విధించిన జరిమానా పది రూపాయలు మొదలు యాబది రూపాయలవఱకు మాత్రమే. 1960 నాటి యాబది రూపాయల విలువ నేడు లేదు. అందుచే చట్టపు వెఱపును లేదు. ఇంటి గోడలోపల నలుగురికి కనబడని చోట కట్టిన కుక్క విషయమున చట్టముకంటె మన మనస్సే ముందు మేల్కొనవలెను.

కుక్కను ఎన్నడును కట్టరాదని మేము చెప్పుటలేదు. గుమ్మము తెఱచి సామాను చేరవేయునపుడు, కుక్కలన్న భయపడు చుట్టము వచ్చినపుడు కొంతసేపు కట్టవచ్చును. కట్టినచోట నీడయు, గిన్నెడు నీరును ఉండవలెను. అది లేచి తిరిగి పండుకొనుటకు చాలినంత పొడవు ఉండవలెను. వెడల్పయిన పట్టెడ మెడకు ఒరుసుకొనకుండ రెండు వ్రేళ్లు దూరునంత వదులుగా నుండవలెను. మిగిలిన కాలమున తలుపు వేసిన పెరడుగాని, మనుష్యులు తిరుగు వసారాగాని దాని చోటు కావలెను.

దినమునకు రెండు మారులు నడక తప్పదు. వేసవిలో ప్రొద్దు ఎక్కకముందొకసారి, నేల చల్లారిన పిమ్మట నింకొకసారి నడిపింపవలెను. తారురోడ్డుపై మన అఱచేతి వెనుకభాగమును ఆనించి కొన్ని క్షణములు ఉంచలేనిచో, ఆ రోడ్డుపై కుక్క పాదములును ఆగలేవు. నడక యనగా ఒక చేత ఫోను పట్టి మాటలాడుచు, ఇంకొక చేత కుక్కను ఈడ్చుకొనిపోవుట కాదు. మనము వార్తాపత్రికను కన్నులతో చదువుదుము. కుక్క తన వీథి వార్తలను ముక్కుతో చదువును. కంబముకడ, చెట్టుకడ దానిని కొంతసేపు నిలువనిండు. అరగంట ఊరక పరుగెత్తించుటకంటె, వాసన చూచుచు తీరికగా నడచిన అరగంట దాని మనస్సును ఎక్కువ తృప్తిపఱచును. ఇంటిలో చెప్పులు కొఱుకుట, గోడలు గోకుట, అకారణముగా మొఱుగుట – వీనిలో పెక్కు ఈ నడక లేమివలన కలుగు రోగములు.

మూడవది శిక్షణ. ఇక్కడనే కుక్కల ప్రేమికుల మధ్య పోరు తీవ్రము. "కుక్కతోక వంకర" అను సామెత చెప్పి శిక్షణయే వ్యర్థమనువారు కొందఱు. "కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అను సామెతను శిక్షణశాస్త్రముగా భావించువారు మఱికొందఱు.

మహాభారత కథారంభముననే ఒక కుక్క కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమయను దేవశుని కుమారుడు అక్కడకు వచ్చెను. జనమేజయుని తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లికడకు పోయెను. "నీవేమి తప్పు చేసితివి?" అని తల్లి అడిగెను. హవిస్సును ముట్టలేదు, చూడనైన లేదని అది చెప్పెను. సరమ యాగశాలకు వచ్చి, తప్పు చేయని నా బిడ్డను ఏల కొట్టితిరని ప్రశ్నించెను. వారికి బదులు దొరకలేదు. ఊహింపని భయము మీకు కలుగుగాక యని ఆమె శపించెను. అంతటి గ్రంథమునకు ఆరంభముననే ఒక కుక్క దెబ్బలను గూర్చిన న్యాయవిచారణ ఉండుట ఆలోచింపదగినది.

మన ఇండ్లలో దినదినము జరుగుచున్నది ఈ యాగశాల న్యాయమే. ఉదయము పదిగంటలకు కుక్క పరుపు చించును. సాయంకాలము ఆరుగంటలకు యజమాని వచ్చి దానిని కొట్టును. పదిగంటల పనికిని ఆరుగంటల దెబ్బకును గల సంబంధము దానికి తెలియదు. దానికి తెలిసినది ఇంతే: యజమాని గుమ్మము దాటి వచ్చినచో దెబ్బ పడును. "కాదండీ, తప్పు చేసినట్లు దానికి తెలియును, మొగము వ్రేలాడవైచినది చూడు" డని కొందఱందురు. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు దీనిని పరీక్షించెను. తినవలదన్న తినుబండారము ఎదుట పెట్టి, యజమానిని గదినుండి పంపి, కొన్ని కుక్కలు తిన్నవనియు కొన్ని తినలేదనియు యజమానులకు చెప్పిరి. ఆ చెప్పినది ఒక్కొకప్పుడు నిజము, ఒక్కొకప్పుడు అబద్ధము. కుక్క తప్పుచేసిన మొగము పెట్టుటకును, అది నిజముగా తినుటకును సంబంధము కనబడలేదు. యజమాని కసరినపుడు మాత్రము ఆ మొగము హెచ్చుగా కనబడెను. అనగా మనము పశ్చాత్తాపమనుకొన్నది భయము.

"కుక్క తోడేలు వంశము, మందలో నాయకుడు బలముతో అణచి ఏలును, ఇంటిలోను మనము అట్లే అణచవలెను" అను వాదము మఱియొకటి. ఈ మాటకు మూలము 1947లో రుడోల్ఫ్ షెంకెల్ అను పండితుడు స్విట్జర్లండులోని బేసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లను చూచి వ్రాసిన వ్యాసము. 1970లో డేవిడ్ మెక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తోడేళ్లపై వ్రాసిన గ్రంథమువలన అది లోకమంతటను వ్యాపించెను. పిమ్మట అదే మెక్ మహాశయుడు అడవిలో స్వేచ్ఛగా తిరుగు తోడేళ్లను పెక్కేండ్లు గమనించి, 1999లో ఆ భావనను దిద్దుకొనెను. అడవిలోని తోడేళ్ల మంద సామాన్యముగా ఒక కుటుంబమనియు, ముందు నడచు జంట ఆ పిల్లల తల్లిదండ్రులే యనియు ఆయన చూపెను. ఒకరితో నొకరికి చుట్టఱికము లేని తోడేళ్లను ఒక దొడ్డిలో తోసినపుడు కలుగు కలహములు కుటుంబధర్మమునకు ప్రమాణము కానేరవు. ఆ సిద్ధాంతమును ప్రకటించినవారే విడిచిపెట్టగా, మన ఊళ్లలో కుక్కల శిక్షకులు కొందఱు దానిని ఇంకను పట్టుకొనియే యున్నారు.

మఱి కుక్కకు నేర్పుట ఎట్లు? రష్యా దేశపు పావ్లోవ్ పండితుడు చూపిన మూలసూత్రము సులభమైనది: ఒక గుఱుతును, దాని వెనువెంటనే కలుగు సుఖమును కుక్క ముడివేసికొనును. వెనువెంటనే యను మాట ముఖ్యము. "కూర్చో" యని నేర్పవలెననుకొందము. చిన్న కబళమును ముక్కు ముందఱ పట్టి మెల్లగా తలమీదుగా వెనుకకు జరుపుడు. తల పైకెత్తిన కొలది నడుము దానంతట అదే క్రిందికి దిగును. నేలను తాకిన ఆ క్షణముననే "భేష్" అని కబళము నోటికీయుడు. నాలుగు దినములు ఇట్లు జరిగిన పిమ్మట, చేయి కదపకముందే "కూర్చో" యను మాట చెప్పుడు. ఒక్కొక్కమారు అయిదు నిమిషములు, దినమునకు రెండు మూడు మారులు చాలును. అలవాటైన పిమ్మట కబళమును మానుకొనుచు మెచ్చుకోలు నిలుపుడు.

"తిండి చూపి పని చేయించుట లంచము కాదా?" అని కొందఱి ఆక్షేపణ. పని కాకముందు ఇచ్చునది లంచము. పని యైన పిమ్మట ఇచ్చునది కూలి. కూలి ఈయక పని చేయించుకొనుట మంచి యజమానుల లక్షణము కాదు.

ఇంకొక చిత్రమున్నది. ఇంటిలో మనమందఱము తెలుగున మాటలాడుకొందుము. కుక్కతో మాత్రము ఆంగ్లము. తండ్రి "సిట్" అనును, తల్లి "కూర్చో" మనును, అబ్బాయి "డౌన్" అనును. కుక్కకు ఏ భాషయు రాదు. ఏ భాషయైనను చాలును. ఇంటివారందఱును ఒక పనికి ఒకే మాట వాడుటయే కావలసినది. పిలుచు మాట విషయమున ఇంకొక జాగ్రత్త వహింపవలెను. "రా" యని పిలిచి దగ్గఱకు వచ్చిన కుక్కను ఎన్నడును కొట్టరాదు, కసరరాదు. వచ్చినందుకు దెబ్బ తిన్న కుక్క మఱునాడు రాదు. లారీ ఎదురు వచ్చిననాడును రాదు.

ఆహారమును గూర్చి వాదము పెద్దదేగాని చెప్పవలసినది కొంచెమే. 2013లో స్వీడను దేశపు పరిశోధకులు కుక్కల జన్యువులను తోడేళ్ల వానితో పోల్చి, పిండిపదార్థములను జీర్ణించుకొను శక్తి కుక్కలకు చాల హెచ్చని తెలిపిరి. మనుష్యుని చెంత వేలయేండ్లు మసలిన ఫలమది. కనుక అన్నము పెట్టుట తప్పు కాదు. ఉత్త అన్నముతో సరిపెట్టుటయే తప్పు. గ్రుడ్డో, మాంసమో, చేపయో తోడు కావలెను. శాకాహారుల ఇండ్లలో పెంచదలచినవారు పశువైద్యుని సలహా పొంది మాంసకృత్తులకు లోటు రానీయని ఏర్పాటు చేయవలెను. మన ఆచారము మన కంచమునకే గాని దాని దేహధర్మమునకు వర్తింపదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన మన కూరలు, పులుసులు కుక్క రక్తమునకు చెఱుపు. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండములకు హాని. చాక్లెట్టు విషము. ఉడికిన ఎముకలు చీలికలై ప్రేగులను చీల్చవచ్చును. పండుగనాడు పిల్లలు ప్రేమతో పెట్టు మిఠాయియే ఆ రాత్రి వైద్యుని వెదకింపవచ్చును.

ఇంతవఱకు చెప్పినది కుక్కకును మనకును మధ్య సంగతి. ఇక ఇరుగుపొరుగు మాట. ఇందు ప్రాణముల మాట కలదు. రేబీస్ వ్యాధివలన ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది చనిపోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుష్యులకు సోకు ఈ వ్యాధిలో నూటికి 99 పాళ్లు కుక్కలవలననే. బాధితులలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలు. వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిమ్మట దాదాపు మందు లేదు. కనబడకముందు మాత్రము తిరుగులేని మందున్నది. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ అను బాలునకు తొలి టీకా వేసిన నాటినుండి ఈ ఆశ మానవజాతికి దక్కినది.

బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను తలచుకొని నేటికిని భయపడువారు కలరు. గొఱ్ఱె మెదడునుండి చేసిన ఆ పాత టీకాను మన దేశమున 2004 చివర మానివేసిరి. నేటి టీకా భుజమున వేయుదురు. నాలుగైదు మోతాదులు మాత్రమే. కుక్క కఱచినను, గోటితో గీఱి రక్తము వచ్చినను, మొదట చేయవలసినది గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగుట. కారము, సున్నము, పసుపు, ఆకు పసరులు వేయరాదు; కట్టు కట్టరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. గాయము లోతైనచో టీకాతోపాటు గాయములోనే ఎక్కించు రక్షకద్రవ్యమును వైద్యుడు వాడును. దానిని మఱువక అడుగవలెను. తలపెట్టిన మోతాదులలో ఒక్కటియు మానరాదు.

"మా కుక్క గడప దాటదు, దానికి టీకా ఏల?" అనునది మాకు మిక్కిలి తఱచుగా వినబడు మాట. గడప దాటని కుక్కకడకు గడప దాటి వచ్చు కుక్క ఉండవచ్చును. ఒక్క కాటు చాలును. పిల్లకు మూడు నెలలు నిండినపుడు మొదటి టీకాయు, వైద్యుడు చెప్పిన గడువున రెండవదియు, ఆ పిమ్మట ఏటేటను ఒకటియు వేయింపవలెను. ప్రతి సంవత్సరము జూలై 6వ తేదీ, సెప్టెంబరు 28వ తేదీ సందర్భములలో పెక్కు ప్రభుత్వ పశువైద్యశాలలలో ఉచితముగా వేయుదురు. ఆ చీటిని ఇంటి పత్రములతోపాటు భద్రపఱుపుడు.

వీథిలో కుక్కను త్రాడు లేక విడువరాదు. "మాది ఏమియు చేయదండీ" యని మనకు తెలియును. ఎదుట వచ్చు గర్భిణికి, బడిపిల్లకు తెలియదు. కుక్కలన్న భయపడుట నేరము కాదు. అది విసర్జించిన దానిని ఎత్తి శుభ్రపఱచుట యజమాని పని. వీథి ఊడ్చు కార్మికురాలి పని కాదు. కుక్క తినునపుడును, నిద్రించునపుడును, పిల్లలకు పాలిచ్చునపుడును దానిని కదపరాదని మన పిల్లలకు నేర్పవలెను. కుక్కకు నేర్పు చదువుతోపాటు ఇంటి పిల్లలకు నేర్పు చదువును ఉన్నప్పుడే కాట్లు తగ్గును.

తుదకొక మాట. కుక్కల ప్రేమికులందఱును ధర్మరాజును తలతురు. మహాప్రస్థానమున తమ్ములును ద్రౌపదియు పడిపోగా తుదివఱకు వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథమెక్కనని ఆయన అనెను. ఆశ్రయించిన దానిని విడుచుట పాపమని ఆయన వాదము. ఈ కథలో ఒక చిన్న విశేషమును మనము మఱచుచున్నాము. ధర్మరాజు ఆ కుక్కను కోరి తేలేదు. అది తానై వెంట వచ్చినది. తానై వచ్చిన దానికొఱకే ఆయన స్వర్గమును కాదనెను. మన ఇంటి కుక్కను మనమే కోరి, తల్లినుండి వేఱుచేసి తెచ్చితిమి. అది ఎక్కడ నిద్రించునో, ఏమి తినునో, ఎంత నడచునో నిర్ణయించునది మనమే. కావున మన ధర్మము ధర్మరాజు ధర్మముకంటె ఒక మెట్టు హెచ్చేగాని తక్కువ కాదు. మనలను స్వర్గము కాదనుమని ఎవరును అడుగుటలేదు. దినమునకు ఒక గంట కాలము, ఏటికొక టీకా, గొలుసు విప్పిన వసారా – అడుగునది ఇంతే. ఈ సాయంకాలము మీ ఇంటి కుక్కను నడకకు తీసికొనిపోవు వంతు ఎవరిదో ఇప్పుడే నిర్ణయించుకొందురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.